ముప్పావు రొట్టె

“సమజ్ కాలే తాతా,” అంది స్రవ్య, పెన్సిల్ చెవి వెనక దోపుకుంటూ.

విఠల్‌రావు బోర్డు తుడిచి మళ్లీ గీశాడు. ఒక గుండ్రం, దాన్ని నాలుగు చేసే గీతలు, మూడు భాగాలకు చాక్‌పీస్ పూత.

“ఇది ముప్పావు. ఇప్పుడు తెలిసిందా?”

“సున్నాకు సున్నం కొట్టినట్టుంది.”

రిటైరయ్యేదాకా కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. ఇంతమాట ఎవరూ అనలేదు.

స్రవ్య పక్కింటి విమలాదేవి మనవరాలు. వాళ్లకు చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. విఠల్‌రావు భార్య రాధాబాయి పోయాక విమలాదేవి కొన్నాళ్లు కూర డబ్బాలు పంపింది. మూత తీయకుండానే అవి తిరిగి వెళ్లేవి. “ఆకలైతలేదమ్మా” అనేవాడు. చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటే అతనికి పూట గడిచిపోయేది. చొక్కాలు భుజాల మీద నిలవడం మానేశాయి.

మొన్న సోమవారం ఆమె డబ్బా లేకుండా వచ్చింది, మనవరాలి చెయ్యి పట్టుకుని.

“నువ్వే కాపాడాలె అన్నా. వచ్చే వారం పరీక్షల భిన్నాలు రాకపోతే దీన్ని వేరే సెక్షన్ల ఏస్తరట. దోస్తులంతా ఓ తాన, ఇదొక్కతి ఓ తాన. ఒకటే ఏడుపు.”

“ఏడవడమెందుకమ్మా? రోజూ పంపు, నేను చెప్త.”

“గానీ ఒక్క మాట. బోర్డు చూస్తే దీనికి ఎక్కదట. ముట్టుకోవాలె, వాసన చూడాలె, నోట్లె ఏసుకోవాలె. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరుంటదని వాళ్ల టీచరే చెప్పింది.”

ఇదేం చదువో అతనికి అర్థం కాలేదు. కానీ ఇప్పుడు బోర్డు ముందు ఆ పిల్ల మొహం వేలాడేసుకుని కూర్చుంటే మనసొప్పలేదు.

“మరెట్ల చెప్పమంటవు బిడ్డా?”

“రొట్టె చేస్తే తెలుస్తదేమో.”

“పిండి లేదు.”

“మా ఇంట్ల ఉంది!” రివ్వున పోయి అంతే వేగంగా జొన్నపిండి గిన్నెతో వచ్చేసింది.

వంటింటి తలుపు కిర్రుమంది. విఠల్‌రావు పొయ్యి మీది దుమ్ము తుడిచాడు. ఇద్దరూ పిండి కలిపారు. అతను కొట్టిన రొట్టె ఏ దేశపు పటంలాగానో వచ్చింది. స్రవ్య పడీపడీ నవ్వింది. పెనం మీద జొన్న కాలే వాసన ఇల్లంతా తిరిగొచ్చింది.

రొట్టెను నాలుగు ముక్కలు చేశాడు. “ఇందులో పావు నీది. మిగిలింది?”

“ముప్పావు.”

“షాబాష్!”

“ఇగ అది మీరు తినుండ్రి.”

“నేనెందుకు?”

“పళ్లెంలనే ఉంటే తీసేసినట్టెట్లయితది? ముప్పావుల ముప్పావు పోతే సున్నా రావాలె గద తాతా.”

ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాడు. కూర్చుని తిన్నాడు.

మర్నాడు ఖిచిడీ పాఠం. బియ్యంలో సగం మసూర్ పప్పు. స్రవ్య కళ్లు మూసుకుని, గుప్పిట్లో గింజలు జారవిడుస్తూ కొలిచింది. నేతిలో జీలకర్ర చిటపటలాడుతుంటే “సగం ఏగినయి... ముప్పావు ఏగినయి...” అని విని చెప్పింది. పక్కన ఖిచిడీలోకి పుల్లటి ఖట్టా కోసం చింతపండు పిసుకుతూ అతను అడిగాడు.

“అరకు పావు కలిపితే ఎంత?”

పిల్ల నోరు తెరిచింది. టక్కున మూసేసింది.

“ఖట్టా రుచి చూస్తే యాదికొస్తదేమో. ముందు మీరు.”

నాలుక మీద వేసుకుని విఠల్‌రావు ఆగిపోయాడు. ఏదో తక్కువైంది. రాధాబాయి ఇందులో వేయించిన నువ్వుల పొడి వేసేది. చాలాసేపు వెతికి నువ్వులు తీశాడు. వేయించి, దంచి, కలిపాడు. ఖిచిడీ మీద పోసుకుని ఒక ముద్ద తిన్నాడు. ఆ వెనకే ఇంకో ముద్ద.

“ముప్పావు!” అని అరిచింది స్రవ్య.

ఆ వారమంతా అదే చదువు. దోసకాయ చెక్కల్లో పావులు, బెల్లం ముక్కల్లో సగాలు. రోజూ ఏదో ఒకటి మిగిలేది, లెక్క తెగాలంటే విఠల్‌రావు తినాల్సి వచ్చేది. పిల్ల మాత్రం ఒకరోజు తెలిసింది మర్నాటికి మరిచిపోయేది. అతనికి లోపల ఫికర్ మొదలైంది.

“రేపే గద పరీక్ష. రాస్తవా?”

“నేనాడ రాస్తుంటే మీరు ఈడ ఖిచిడీ చెయ్యుండ్రి. నాకు ధైర్యం.”

“పరీక్ష నీకా, నాకా?”

స్రవ్య కిలకిలా నవ్వి గోడవారగా పరుగెత్తింది.

మర్నాడు ఒక్కడే వండుకున్నాడు. పళ్లెం ఖాళీ చేశాడు కానీ కుదురుగా కూర్చోలేకపోయాడు. పిల్లను సెక్షన్ మారిస్తే? ఇస్త్రీ చొక్కా వేసుకుని గల్లీలోకి వచ్చాడు. “సార్, బహుత్ దినోఁ కే బాద్!” అని, ఇన్నాళ్లకు కనబడినందుకు చాయ్ దుకాణం భాయ్ చెయ్యెత్తాడు. ఆటోల మధ్య నుంచి, గాజుల బండ్ల మధ్య నుంచి, నెలల తర్వాత అంత దూరం నడిచాడు.

బడిలో లెక్కల టీచర్ ఆండాలు స్టాఫ్‌రూం గడప దగ్గరే దొరికింది.

“ఒక్క మనవి అమ్మా. మా పక్కింటి పిల్ల స్రవ్య, విమలాదేవి గారి మనవరాలు. మార్కులు తక్కువొచ్చినా సెక్షన్ మార్చకండి. మీరు చెప్పింది నిజమే, అది బోర్డు చూసి నేర్చుకునే పిల్ల కాదు. చేతికిస్తే, రుచి చూపిస్తే తప్పక వస్తుంది. ఇంకొన్నాళ్లు నేను దగ్గరుండి వండి మరీ చెప్తాను.”

ఆండాలు అతనివైపు వింతగా చూసింది.

“లెక్కల్లో మా స్కూల్ ఫస్ట్ ఆ పిల్లే సార్!”