పదమూడు వందల రోజులు

“పదమూడు వందల రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు, చూడు తనుశ్రీ! మీ తిరుత్తణి బ్రాంచి మాదిరి కాదు,” అని రౌటర్ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాను. మా తిరువళ్ళూరు ఆస్పత్రికి ఎవరొచ్చినా మొదట చూపించేది ఆ అంకెనే. ఆయుధపూజకు ఆ పెట్టెకు చందనం బొట్టు కూడా పెడతాను.

తనుశ్రీ నా దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు తనిఖీకి వచ్చింది. ఆ రౌటర్‌లో రోగుల వివరాలు బయటికి పోకుండా కాపాడే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో లోపం ఉందని, దాన్ని సరిచేసే ప్యాచ్‌ను కంపెనీ పంపింది. అది వేసి పని పూర్తి చేశానని ఎనిమిది నెలల కిందటే సంతకం పెట్టాను.

“రీస్టార్ట్ కూడా చేసినారాన్నా?”

“చేసినా.”

ఆమె నా సంతకం కింది తారీఖు చూసింది. తర్వాత స్క్రీన్ మీది అంకె చూసింది.

“ఓపీ అయిపోయింది కదన్నా. నేను కింద టీ తాగేసి వస్తా. అంతలో రీస్టార్ట్ చేసి, ఈరోజు తారీఖుతో సంతకం పెట్టేయండి. రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుందని మీరే కదా నేర్పించినారు.”

తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళింది.

రీస్టార్ట్ చేస్తే ఆ అంకె సున్నా అవుతుంది. అందుకే చేయలేదు. ఎనిమిది నెలలుగా నా దొంగ సంతకాన్ని వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించింది నేనే.