పాతదాంట్లో ఎక్కలేదు

“ఒక్క మనిషి కోసం ఇంతమందిని ఆపుతావా?” అన్నాడు వెంకటేష్ ఫోన్లో.

తెలుగు పుస్తకాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి అతనూ యామినీ కలిసి ఉచితంగా నడుపుతున్నారు. యామిని ఉండేది మార్కాపురంలో, వెంకటేష్ హైదరాబాదులో. ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి. చూపులేని పిల్లలు చాలామంది ఆ ప్రోగ్రాంతోనే పాఠాలు వింటారు. కొత్త వెర్షన్లో గొంతు అచ్చం మనిషి చదివినట్టే కుదిరింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, తొందరగా ఇవ్వమని పిల్లలు అడుగుతున్నారు.

అడ్డం పడింది బిల్డ్ స్క్రిప్ట్. ప్రోగ్రాంను ఎవరి కంప్యూటర్లో వాళ్లకు తయారుచేసిపెట్టే ఆదేశాల ఫైలు అది. కొత్త కంప్యూటర్లలో గడగడా నడిచిపోతోంది. పాత ఆపరేటింగ్ సిస్టంలో మాత్రం మధ్యలో ఆగిపోతోంది. అంత పాత సిస్టం వాడేవాళ్లలో వాళ్లకు తెలిసి మిగిలింది ఒక్కడే, గిద్దలూరు అంకయ్య.

జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి ఆయన. చూపు మసకబారినప్పటి నుంచి ఈ ప్రోగ్రాంతోనే పుస్తకాలు వింటున్నాడు. యామిని ఆయన్ని ఎన్నడూ చూడలేదు. అంతా మెయిళ్లలోనే. కొత్త వెర్షన్ బయటికి ఇచ్చే ముందు ప్రతిసారీ ఆయనకు పంపి, మీ పాతదాంట్లో ఒకసారి చూసి చెప్పండి సార్, మీరు చెప్పేదాకా నాకు నిమ్మళం ఉండదు అని రాసేది. పూట గడవకముందే జవాబొచ్చేది. ఎక్కితే, ఎక్కిందమ్మా అని ఒక్క మాట. ఎక్కకపోతే తెర మీద కనబడిన తప్పంతా కాపీ చేసి కింద అతికించేవాడు.

ఈసారి ఎక్కలేదు. ఫైళ్లు వెతికే కమాండ్‌కు కొత్తగా చేర్చిన ఒక గుర్తు ఆ పాత సిస్టంకు తెలియదు. యామిని దాన్ని తీసేసి పాత పద్ధతిలో రాసి పంపింది. అక్కడ దాటి, రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ దగ్గర ఆగింది. అది సర్దితే ఇంకోచోట. ఆమెకు విసుగు రాలేదు గానీ, ఈ మనిషి కంప్యూటర్ ఎందుకు మార్చడన్నది మాత్రం అంతుపట్టలేదు. కొనలేకనా? అలవాటు తప్పుతుందనా? అడుగుదామని సగం రాసి, చిన్నబుచ్చుకుంటాడేమోనని చెరిపేసింది.

చివరికి ఒక దారి తోచింది. తను పక్కనపెట్టిన ల్యాప్‌టాప్ ఒకటి బాగానే ఉంది. దాన్ని తుడిచి, కొత్త సిస్టం ఎక్కించింది. ఆదివారం తీసుకెళ్లి ఆయన చేతికిచ్చొస్తానని, ఆ తర్వాత పాత సిస్టం కోసం రాసిన వరుసలన్నీ తీసెయ్యమని వెంకటేష్‌తో చెప్పింది. ఆదివారం దాకా ఆగడానికి అతను ఒప్పుకున్నాడు.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గిద్దలూరులో దిగింది. రైల్వే గేటు అవతలి వీధిలో ఇల్లు. తలుపు తీసిన ఆయన భార్య గురవమ్మ, యామిని పేరు వినగానే లోపలికి కేకేసింది. అంకయ్య లుంగీ సర్దుకుంటూ వచ్చి, మొహం దగ్గరగా పెట్టి చూసి, ఇంత చిన్నపిల్లవా అని నవ్వాడు.

ముందు గదిలోనే ఉంది కంప్యూటర్. ఒక పక్క రేకు విప్పేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టారు.

“ఆ ఫ్యాను దానికేనమ్మా. మనకు ఉక్కపోసినా ఏం గాదు, దానికి మాత్రం వేడి తగలగూడదంట,” అంది గురవమ్మ మంచినీళ్లు అందిస్తూ. మొన్న అది కన్ను తెరవకపోతే ఈయన ఒళ్లో పెట్టుకుని రైల్లో మార్కాపురం తీసుకుపోయి బాగుచేయించిన సంగతి కూడా చెప్పింది.

ల్యాప్‌టాప్ తియ్యబోయిన యామిని ఆగిపోయింది. ఇంత ప్రాణంగా చూసుకుంటున్న మనిషిని వదిలేద్దామనుకున్నారు తామిద్దరూ.

దాన్ని బ్యాగులోనే ఉంచి ఆ కంప్యూటర్ ముందు కూర్చుంది. దూరం నుంచి ఊహించి దిద్దడం వేరు, కళ్లముందు ఆగడం చూడటం వేరు. ఆదేశాలు ఒక్కొక్కటే నడిపించింది. స్క్రిప్ట్ వెతుకుతున్న ఫైలు ఈ సిస్టంలో వేరే ఫోల్డర్లో ఉంది. ముందు అక్కడ చూడమని ఒక వరుస చేర్చింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. కాసేపటికి స్పీకర్లోంచి చక్కటి తెలుగు వినబడింది. అంకయ్య చెవి దగ్గరపెట్టి విని, అబ్బ, ఏం గొంతమ్మా అన్నాడు.

ఇదే సమయమనుకుని యామిని ల్యాప్‌టాప్ తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

“ఇది మీకే పెదనాయనా. ఈసారికి ఎట్లనో ఎక్కింది. ఇంక ఆ పాతదాంతో మీరు కష్టపడొద్దు.”

అంకయ్య దాన్ని తడిమి చూశాడు. ముఖంలో సంతోషం లేదు. భార్య వైపు తిరిగాడు.

“మరి నీకెట్ల తల్లీ?” అన్నాడు.

“నాకేంది?” అంది యామిని, అర్థంకాక.

“నేను పుస్తకాలు వినేది లోపలి గదిలో ఉండే కొత్తదాంట్లోనే, అది కొని శానా రోజులైంది. నువ్వు ప్రతిసారీ పాతదాంట్లో చూసి చెప్పమంటుండావని, పాపం ఆ పిల్లకు పనికొస్తాదిలే అని దీన్ని బతికిచ్చుకుంటా వస్తుండా.”