ఇద్దరెక్కే పడవ

“ముందు కూకుంటే నీకు వల కనబడదు, ఎనక కూకుంటే దారి కనబడదు. నిన్నెక్కడ కూకోబెట్టీది?” అంది సోములమ్మ.

“నువ్వు నోరు మూసుకుంటే నేనెక్కడైనా కూకుంటాను,” అన్నాడు సుక్రు.

భాస్కర్ షెడ్డు గోడకి చేరగిలబడి నిట్టూర్చాడు. అరగంటగా ఇదే వరస. అరకు దగ్గర రిజర్వాయర్ ఒడ్డున ఆరేళ్లుగా అతను నడుపుతున్న బోటింగ్ పాయింట్ మూతపడింది. ఇద్దరేసి కూర్చుని తెడ్లేసే మూడు కయాక్‌లు మాత్రం మిగిలాయి. చేపలు పట్టుకునే ఈ ఇద్దరూ వాటిలో ఒకటి కొంటామని వచ్చినందుకు సంతోషించాలి. కానీ అతనికి సంతోషించే ఓపిక కూడా లేదు.

టేబుల్ మీద లాయరు పంపిన కవరుంది. భార్య గాయత్రి విశాఖపట్నం వెళ్లిపోయి అయిదు నెలలు. విడాకుల కాగితాల మీద ఆమె సంతకం చేసేసింది. సోమవారంలోగా అతను చెయ్యాలి. మూడు రోజులుగా పెన్ను తీయడం, మూత పెట్టడం, అంతే.

“మా దోనె అడుగు పుచ్చిపోనాది బాబూ,” అన్నాడు సుక్రు. “ఈ ఎర్రది ఎలగుంటాది?”

“వేగంగా పోతుంది. కాకపోతే సన్నం. లేచి నిలబడితే ఊగుతుంది.”

“ఈ మనిసి కూకోనే కూకోడు,” అంది సోములమ్మ. “లేసి వల ఇసిరేడంటే ఇద్దరం సేపలకి మేత.”

“పోనీ ఈ నీలంది చూడండమ్మా. వెడల్పుంది, తిరగబడదు.”

ఆమె రెండు సీట్ల మధ్య జానలు వేసి చూసింది. “ఇంత దగ్గిరా? ఇతగాడి సుట్ట కంపు పొద్దల్లా నేను పీల్సాలా?”

మిగిలింది పసుపుది. పొడవు, వెడల్పు, అడుగు చదును. బరువెక్కువ కానీ సీట్ల మధ్య బోలెడంత చోటుంది.

“రెండు బుట్టలు పడతాయా?” అని అడిగింది.

“పెద్ద బుట్ట ఒకటి పెట్టుకుంటే సరిపోదా?”

“రెండుండాల,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఈ అరగంటలో వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి సంగతి అది.

“ఈ పసుపు సూస్తే సేపలు పారిపోవా?” సుక్రు గొణిగాడు.

“నీ మొకం సూసి పారిపోనివి దీన్ని సూసి పారిపోతాయా? దించు బేగి.”

పడవ నీళ్లలోకి దిగింది. భాస్కర్ ఎప్పటిలా చెప్పాల్సినవి చెప్పాడు. ముందున్నవాళ్లు ఎలా తెడ్డేస్తే వెనకవాళ్లూ అలాగే వెయ్యాలి, మలుపు తిప్పడం వెనకవాళ్ల పని. చెప్పాడే గానీ నమ్మకం లేదు. చేతులు పట్టుకుని ఎక్కిన కొత్తజంటలు మొహాలు ముడుచుకుని దిగడం ఆరేళ్లుగా చూస్తున్నాడు. అంతదాకా ఎందుకు, ఇదే పసుపు పడవలో గాయత్రితో వెళ్లినప్పుడు తెడ్డూ తెడ్డూ కొట్టుకుని, ఆమె కళ్లొత్తుకుంటూ దిగింది. “నువ్వు నన్ను చూడవు భాస్కర్, నీ దారే చూసుకుంటావు,” అంది. ఎడ్డెమంటే తెడ్డెమనే సంసారం వాళ్లది.

ఈ ఇద్దరి తెడ్లూ మాత్రం కలిసి లేచాయి, కలిసి మునిగాయి. ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచింది. అతను తాడు అందించాడు. అతను వల విసరడానికి లేచేసరికి ఆమె ఆ పక్కకి ఒరిగింది. ఎవరూ ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. పడవ ఊగలేదు.

తిరిగొచ్చి దిగుతూనే మళ్లీ మొదలు. “కాళ్లు తడుపుతావేటి!” అని ఆమె, “నీళ్లలో తడవక నిప్పుల్లో తడుస్తాయా!” అని అతను.

“ఎన్నేళ్లయింది తాతా, ఇద్దరూ ఇలా కలిసి వేటకెళ్లడం?”

“ముప్పయ్యేళ్లుంటాది.”

“ఎప్పుడూ ఇలా గొడవేనా?”

“ఇదేటి గొడవ! మునుపు సూడాల్సింది, కొండంతా ఇనబడేది,” అన్నాడు సుక్రు. “ఇప్పుడు సుకంగా ఉన్నాం.”

“ఎలా తగ్గింది?”

“ఊరి పెద్దలు కూకోబెట్టి సెప్పేరు. ఇద్దరం ఇన్నాం.”

తమ ఇంట్లోనూ పెద్దలున్నారు, ఉండి ఎందుకు! ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు నిలబడి అగ్గి రాజేశారే తప్ప, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టిన పాపాన పోలేదు. భాస్కర్ షెడ్డు వెనక్కి వెళ్లి ఫోన్ తీశాడు.

“గాయత్రీ, నేను సంతకం పెట్టను.”

“మళ్లీ మొదలెట్టకు. నాకు ఓపిక లేదు.”

“నాకూ లేదు. ఇక్కడ ఇద్దర్ని చూశాను. ముప్పయ్యేళ్లుగా తిట్టుకుంటూనే ఒకే పడవలో వెళ్తున్నారు. తిట్టుకోవడం తప్పు కాదు, చూసుకోకపోవడం తప్పు. నేను నిన్ను చూడలేదు. ఇప్పుడు తెలిసింది.”

అటునుంచి ఆమె తలుపు దగ్గరగా వేసుకున్న చప్పుడు వినబడింది.

“ఆదివారం కిరండూల్ రైలుకి వస్తాను,” అంది చివరికి. ఆమె గొంతు కూడా అలిసిపోయి ఉంది. “స్టేషన్‌కి రా.”

అతను లోపలికొచ్చి లాయరు కాగితాలు నాలుగు ముక్కలు చేశాడు. అయిదు నెలల బరువు దిగినట్టయింది. కళ్లు తుడుచుకుని, ఇద్దర్నీ లోపలికి పిలిచి, పసుపు పడవకి రసీదు రాయడానికి పుస్తకం తీశాడు.

“సోములమ్మ, భర్త సుక్రు అని రాస్తున్నానమ్మా. సరేనా?”

సోములమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకు ఆపింది.

“పెద్దల ముందర ఈ మనిసిని నేనొదిలీసి పన్నెండేళ్లయింది బాబూ.”