పట్టని చెప్పులు

ఉచిత వైద్యశిబిరంలో పిల్లల బరువు చూసే ఆవిడను బస్తీవాళ్లు బరువులక్క అంటారు. జీతం లేని పని, ఇష్టపడి చేస్తోంది. బరువు తగ్గిన పిల్లల్ని డాక్టరమ్మ గదిలోకి, పెరిగినవాళ్లను ఇంటికి పంపిస్తుంది. పెరిగేవాళ్లు అరుదు.

ఆ రోజు ఒక అవ్వ మనవరాలిని కాటా ఎక్కించింది. ముల్లు పోయినసారి కంటే గబగబా ముందుకెళ్లింది.

"చూశావా తల్లీ, బుగ్గలెలా వచ్చాయో! కాళ్లు కూడా కండ పట్టాయి. చెప్పులే పట్టడం లేదు."

"ఊరుకో అవ్వా, దిష్టి తగులుతుంది," అని నవ్వింది బరువులక్క. "ఇక డాక్టరమ్మతో పనేముంది? వెళ్లిరా."

"మంచిదైంది. ఇక్కడ మా కూలిపని అయిపోయింది, వేరే ఊరు పోతున్నాం. బయట లారీవాడు కేకలేస్తున్నాడు. నీ కడుపు చల్లగుండ!"

పాప మాత్రం నవ్వలేదు.

కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. కాటా పక్కన చిన్న చెప్పుల జత కనిపించింది.

"ఇవెవరివి?"

బరువులక్క సంబరంగా అంతా చెప్పింది. వింటూనే డాక్టరమ్మ వీధిలోకి పరుగెత్తింది. లారీ లేదు.

తిరిగొచ్చి ఆ చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"అది కండ కాదమ్మా. తిండి చాలక ఒళ్లంతా నీరు పట్టింది. నా దగ్గరికి పంపి ఉంటే, ఇవి మళ్లీ పట్టేవి."