పౌడరు పందెం

“ఏసీ లేని ఇంటికి నా కోడల్ని కాన్పుకు పంపేది లేదు. ఇంక ఆ మాటెత్తొద్దు!”

ఎస్తేరమ్మ ప్రొద్దుటూరు బస్సు దిగి, జమ్మలమడుగులో వియ్యపురాలి గడప తొక్కీ తొక్కకముందే అనేసిన మాట ఇది. ప్రేమకుమారి చేతిలో మంచినీళ్ల చెంబు అట్లే నిలిచిపోయింది. ఒక్కగానొక్క కూతురు జాస్మిన్‌కు ఎనిమిదో నెల. తొలికాన్పు పుట్టింట్లో కాక అత్తగారింట్లో జరిగితే ఆ తల్లి నలుగురిలో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? అదలా ఉంచండి, బిడ్డను కళ్లెదుట పెట్టుకుని చూసుకోవాలని ఎన్నాళ్లుగానో పడిగాపులు కాస్తోంది పాపం.

“ముందు నీళ్లు తాగు వదినా. ఎండన పడొచ్చినావు.”

“నీళ్లు తాగితే మీ బండల మిద్దె చల్లబడతాదా? పోయినేడు ఈడ కూచుంటే పెనం మీద దోసె మాదిరి మాడిపోయినా.”

“పోయినేటి మాట వేరు. ఇప్పుడు ఆ గది మిద్దె మీద సున్నం కొట్టినాం.”

“సున్నం గోడకు కొడతారు గానీ మిద్దెకెవరన్నా కొడతారా? పైన కాకులు చూసి మెచ్చుకోవాలనా?”

ప్రేమకుమారి భర్త ఆనందయ్య పొక్కిపోయిన అరచేతులు చాపి చూపించాడు. “వీధోళ్లు గూడా అట్లే నవ్వినారు చెల్లెమ్మా. తెల్లగా ఉంటే ఎండ లోపలికి దిగకుండా వచ్చిన దావనే పోతాదంట. నా చేతులు ఆ ఒక్క గదికే తట్టుకున్నాయి.”

“పడమటి గోడకు బీరతీగ పాకించినాం. మేం పోసుకున్న నీళ్లే దానికి పారతాయి. కిటికీకి తడి గోనెపట్టా కట్టినాం. చూడకుండానే కాదంటే ఎట్లా వదినా?” అంది ప్రేమకుమారి.

“చూస్తాలే. పౌడరు డబ్బా తే!”

“పౌడరా? ఎందుకు?”

“నాకు చెమట శానా ఎక్కువ. చర్చిలో ఫ్యాను కింద కూచున్నా రవిక తడిసిపోతాది. ముఖానికి పౌడరు పూసుకుని ఆ గదిలో కూచుంటా. చెమట కారి చార పడిందంటే మళ్లీ కాన్పు మాటెత్తకూడదు. చార పడకపోతే నీ కూతుర్ని నువ్వే పెట్టుకో. సరేనా?”

సరేననక ఏం చేస్తుంది? ఎస్తేరమ్మ సగం డబ్బా ముఖానికి పట్టించి, ఆ గదిలో మంచమెక్కి, కోర్టులో జడ్జిలా కూర్చుంది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. సరిగ్గా అప్పుడే, ఎవరో పగబట్టి తీసినట్టు, కరెంటు పోయింది.

ఆనందయ్య గబుక్కున విసనకర్ర అందుకున్నాడు. ప్రేమకుమారి దాన్ని లాక్కుంది.

“నువ్వు గమ్మునుండు! విసిరినావని తెలిస్తే పందెం చెల్లదంటాది.” తలుపు చాటుకెళ్లి కళ్లు మూసుకుంది. “యేసయ్యా, కరెంటు రాకపోయినా పర్లేదు. మా వదినకు చెమట మాత్రం పట్టనీయొద్దు తండ్రీ!”

గదిలోంచి గుర్రుమని శబ్దం. తొంగి చూస్తే ఎస్తేరమ్మ దిండు మీద ఒరిగి, నోరు తెరిచి ఆదమరిచి నిద్రపోతోంది. నుదుటి మీద పౌడరు పెళ్లినాటి ముగ్గులా చెక్కుచెదరలేదు. మొగుడూ పెళ్లాలు మూగగా ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఊపుకున్నారు.

పొద్దు వాలినాక ఎస్తేరమ్మ లేచింది. ఒళ్లు విరుచుకుని అద్దంలో చూసుకుంది. ఎడమ పెదవి కొస నుంచి గడ్డం దాకా సన్నగా ఒక చార!

“చూసినావా? పడింది చార! ఓడిపోయినావు ప్రేమకుమారీ.”

ఆ చార ఏమిటో ప్రేమకుమారికి తెలుసు. కానీ వియ్యపురాలి ముఖాన ఎట్లా అనడం? రేపు కూతురు కాపురం చేయాల్సింది ఆవిడ ఇంట్లోనే కదా! ఆనందయ్యేమో గోడకేసి తిరిగి అరచేత్తో నోరు మూసుకుని నవ్వు దిగమింగుతున్నాడు.

“ఏంది, మాట్లాడవు? ఒప్పుకున్నట్టేనా?”

ఇంక బిడ్డ దక్కదనుకునేసరికి ఆ తల్లికి మొండి ధైర్యం వచ్చేసింది.

“అది చెమట గాదు వదినా! చొంగ!”

ఎస్తేరమ్మ చార మీద వేలు పెట్టి చూసుకుంది. దిండు తడిమింది. నుదురు తడిమింది. రవిక చంకలు కూడా తడిమి చూసుకుంది. అంతా పొడిగానే ఉంది, ఒక్క దిండు తప్ప. ఆవిడ ముఖం గంటు పెట్టుకుంది.

“చెమట పట్టలేదు, నిజమే. అయినా ఈ గదిలో జాస్మిన్ ఉండేది కుదరదు.”

ప్రేమకుమారి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “ఇదేం న్యాయం వదినా? పందెం గెలిచినాం గదా! ఇంకా ఏం తక్కువైందని?”

ఎస్తేరమ్మ దిండు తిరగేసుకుని, మళ్లీ తాపీగా నడుం వాల్చింది.

“రేపు పొద్దున్నే పక్క గది మిద్దెకు గూడా సున్నం కొట్టించు, నీ కూతురు దాండ్లో ఉంటాది. కాన్పయ్యేదాకా ఈ గది నాది!”