డబ్బా అడుగున చీటీ

"తుడవండి! ముందా బోర్డు తుడవండి!" హెడ్మాస్టరు ఏడో తరగతి గుమ్మంలోంచే అరిచాడు.

ఇంగ్లీషు టీచరు డస్టరు ముట్టుకోలేదు. బోర్డు మీద "హూ లాక్డ్ అవర్ బాత్రూమ్?" అన్న ప్రశ్న, దాని కింద పిల్లలు పాసివ్ వాయిస్‌లోకి మార్చిన "బై హూమ్ వజ్ అవర్ బాత్రూమ్ లాక్డ్?" రెండూ అలాగే ఉన్నాయి.

"పాఠం చెబుతున్నానండీ."

"పాఠమా ఇది? నా పరువు బజారున పెట్టడం!"

ఆడపిల్లల బాత్రూముకి తాళం వేసిందెవరో ఆ బడిలో గోడలకి కూడా తెలుసు. బడి పెట్టిన నాటి నుంచీ హెడ్మాస్టరు ఆయనే. తనిఖీకొచ్చే పెద్దమనుషుల కోసం అది అద్దంలా ఉండాలట! తాళంచెవి ఆయన జేబు దాటదు. ఆడపిల్లలు ఇంటికెళ్లేదాకా గొంతు తడుపుకోరు. నిన్న ఒక పిల్ల ఎండలో ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటి నుంచీ టీచరుకి కడుపు మండిపోతోంది.

"టీచర్లకి వేరే ఉందిగా, మధ్యలో మీకేం నొప్పి?" అన్నాడు.

బల్ల మీద ఆమె నీళ్ల సీసా నిండుగానే ఉంది. మధ్యాహ్నం కావస్తున్నా మూత తీయలేదు.

"ప్రశ్న నేను కల్పించింది కాదు. చీటీల డబ్బాలోది."

ఆ పద్ధతి పాత టీచరమ్మది. పిల్లలు తోచిన ప్రశ్నని ఇంగ్లీషులో రాసి, పేరు పెట్టకుండా రేకు డబ్బాలో వేయాలి. పాసివ్‌లోకి మార్చడానికి ప్రశ్నలు అందులోంచే తీస్తారు. ఆవిడ రిటైరవుతూ డబ్బాని ఈమె చేతిలో పెట్టి, "వీలున్నప్పుడు అడుగుదాకా చూడమ్మా" అంది. ఆ వీలు ఈమెకి నిన్ననే చిక్కింది.

హెడ్మాస్టరు ఆమె చేతిలోని చీటీ లాక్కున్నాడు. "ఎవత్తె రాసిందిది? ఇవాళే టీసీ చేతిలో పెట్టి పంపిస్తా!"

ముప్పై ఆరు తలలు వంగిపోయాయి.

"పిల్లల జోలికి రాకండి!" టీచరు బెంచీలకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"అంత పౌరుషమే ఉంటే, రాసినావిడని నా ముందుకొచ్చి అడగమనండి! ఇదిగో, అప్పటికప్పుడు ఇచ్చేస్తా!" తాళంచెవి తీసి బల్ల మీద ఠపీమని కొట్టాడు.

"విన్నారుగా అందరూ?" అందామె పిల్లల వైపు తిరిగి.

హెడ్మాస్టరు పిల్లల నోట్సులన్నీ తెప్పించాడు. మడతల దగ్గర చిరిగి, సిరా పాకిన ఆ చీటీని ఒక్కోదాని పక్కనా పెట్టి దస్తూరీ పోల్చాడు. గంట కొట్టినా లేవలేదు. ముప్పై ఆరోది కూడా అయ్యాక చెమట తుడుచుకున్నాడు.

"ఒక్కటీ కలవదే! ఇంతకీ ఎవరు రాశారండీ దీన్ని?"

టీచరు తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"నేనేనండీ, ఈ గదిలోనే, నా ఏడో తరగతిలో."