అరడుగు రబ్బరు పైపు

కైకలూరు దాటాక, రొయ్యల చెరువుల మధ్య రోడ్డు మీద రామచంద్రమూర్తి కారు ఆగిపోయింది.

బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది.

"రేడియేటర్ పైపు పగిలింది నాన్నా. ఉబ్బిందని నెల్నాళ్లుగా చెబుతున్నాను. మనమే మార్చుకుందామంటే విన్నావా?" అంది సంహిత.

"షోరూం వాళ్లు చూసి బాగుందన్నారు. వాళ్లకంటే నీకు తెలుసా?"

మూర్తి షోరూంకి ఫోన్ చేశాడు. మనిషిని పంపడానికి రెండు గంటలు పడుతుందన్నారు.

ఉదయం ఏడు కావస్తోంది. ఆదివారం. రోడ్డు మీద ఒక్క బస్సూ లేదు. ఎనిమిదిన్నరకి ఏలూరులో పరీక్ష హాలు గేటు మూసేస్తారు. ఆ ఉద్యోగానికి సంహిత వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది.

చెరువు గట్టు మీది పాకలోంచి ఒకతను వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చర్చికి బయల్దేరినట్టున్నాడు. ఉతికిన తెల్లచొక్కా, చంకలో బైబిలు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. షోరూం వాళ్లు వస్తున్నారు. నువ్వు ముట్టుకోకు."

అతను సంహిత చేతిలోని హాల్‌టికెట్ చూశాడు.

"పరీక్షా అమ్మా?"

"అవునండీ. ఎనిమిదిన్నరకే."

అతను బైబిలు ఆమె చేతికిచ్చి ఇంజను మీదికి వంగాడు.

"పావుగంట పనండీ. దీనికి షోరూం ఎందుకు?"

"పైపు నీ తాత తెస్తాడా? ఆదివారం ఇంత పొద్దున్నే కొట్లు తీయరు," అన్నాడు మూర్తి.

"నా దగ్గరుందండీ."

పాక పక్కన జనరేటరు ఉంది. కరెంటు పోతే చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగేది దానితోనే. అతను దాని రేడియేటర్ పైపు ఊడదీసి తెచ్చాడు.

"మరి మీ చెరువుకి?" అంది సంహిత.

"ఇప్పుడు కరెంటుంది తల్లీ. భయమంతా రాత్రికే. మబ్బు పట్టింది చూడండి. గాలి ఆడకపోతే రొయ్య తెల్లారేదాకా ఉండదు."

ఇంజను వేడి తగ్గాక పైపు తొడిగాడు. స్క్రూడ్రైవర్ సంహితకిచ్చాడు.

"క్లిప్పు మీరు బిగించండమ్మా. ఒక్కసారి మీ చేత్తో చేస్తే ఇంకెవర్నీ బతిమాలక్కర్లేదు. ఆ బెల్టు కూడా నెర్రెలిచ్చింది. అదీ మీరే మార్చుకోవచ్చు."

నీళ్లు పోశాడు. ఇంజను మామూలుగా పలికింది. అతని తెల్లచొక్కా మీద అడ్డంగా నల్లటి చార పడింది.

మూర్తి ఐదొందల నోటు తీశాడు.

"డబ్బొద్దండీ. సాయంత్రంలోగా నా పైపు నాకు తెచ్చివ్వండి, చాలు."

"తెస్తాను. నేను మాటిస్తే మాటే."

ఎనిమిదీ ఇరవై ఐదుకి సంహిత గేటు దాటింది.

ఆమె పరీక్ష రాస్తుండగా మూర్తి కారుని షోరూంకి తీసుకెళ్లాడు. కొత్త పైపు వేశారు. బెల్టు బాగానే ఉందన్నారు. ఊడదీసిన పైపు ఏదని అడిగితే, చెత్తలో పోయిందన్నారు.

పోనీలే అనుకున్నాడు మూర్తి.

తిరుగు దారిలో చెరువు దగ్గరపడింది.

"నాన్నా, ఆయన పైపు?"

"షోరూం వాళ్లు పారేశారమ్మా."

"అయితే కారాపు. ఆ మాటే చెబుదాం. ఇంకోటి వెతుక్కుంటాడు."

"వట్టి చేతులతో ఏం మొహం పెట్టుకుని ఆపను? అతను కావలివాడు. పైపు చెరువుగలాయన కొనిస్తాడులే."

దూరంగా రోడ్డు పక్కన తెల్లచొక్కా కనిపించింది. చెయ్యెత్తింది.

మూర్తి కారు అద్దం ఎక్కించాడు. ఆపలేదు.

తర్వాత వెళ్దామని సంహిత ఎన్నిసార్లన్నా ఆయనకి తీరిక దొరకలేదు.

రెండు నెలలకి ఆమెకి ఉద్యోగం వచ్చింది. అప్పుడు దొరికింది.

కారు బెల్టు సంహితే మార్చింది. కొట్టుకెళ్లి జనరేటరు పైపు కొంది. మూర్తి పూతరేకుల పెట్టె కొన్నాడు.

చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉంది. పాకకి తలుపు లేదు. జనరేటరు లేదు.

పక్క చెరువు గట్టు మీద సత్యవతి అనే ఆవిడ మేత చల్లుతోంది.

"ఏవండీ, ఇక్కడుండే ఆయన ఏరండీ?" అంది సంహిత.

"దేవసహాయమా? వెళ్లిపోయాడమ్మా. ఆమధ్య ఓ ఆదివారం రాత్రి కరెంటు పోయింది. జనరేటరు పైపేమో ఎవరో కారాయనకి ఇచ్చాడంట. చీకటి పడేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. వేరేది చూసుకోవయ్యా అంటే, మాటిచ్చారండీ, వస్తారండీ అంటాడు. తీరా కరెంటు పోయాక ఎవరి చెరువు గొడవ వాళ్లది. అతనికి ఎవరు సాయం పడతారు? తెల్లారేసరికి రొయ్యంతా చచ్చి అడుగున పడింది."

సంహిత తండ్రి వైపు చూడలేదు.

మూర్తి గొంతు సవరించుకున్నాడు.

"చెరువుగలాయన పనిలోంచి తీసేశాడా?"

"ఎవర్నండీ?"

"అదే... ఆ కావలివాణ్ణి."

సత్యవతి చెయ్యి మేత గిన్నెలోనే ఆగిపోయింది.

"ఆ చెరువు దేవసహాయందేనండీ. కావలికి కుదిరింది ఆ తర్వాతే, మండవల్లిలో, వేరేవాళ్ల చెరువు మీద."